సింధ్ కోపం ఎగువ మీదే ఎందుకు? ఒక నది చివరి రాష్ట్రం కథ

2025 ఏప్రిల్ మూడో వారంలో పాకిస్తాన్ సింధ్ రాష్ట్రంలోని సుక్కుర్ దగ్గర బాబర్‌లోయి బైపాస్ మీద లాయర్లు టెంట్లు వేసుకుని కూర్చున్నారు. పంజాబ్ నుంచి కరాచీ రేవుకు సరుకు వెళ్లే ప్రధాన రహదారి అది. వేల లారీలు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. ఎగువన సింధు నీటితో కొత్త కాలువలు తవ్వొద్దన్నది వాళ్ల డిమాండ్. ధర్నా నడుస్తుండగానే ఏప్రిల్ 22న పహల్గాంలో ఉగ్రదాడి జరిగింది. మర్నాడు సింధు జలాల ఒప్పందాన్ని నిలిపి ఉంచుతున్నట్టు భారత్ ప్రకటించింది. అప్పటిదాకా పంజాబ్ రాజధాని లాహోర్ వైపు చూపిస్తున్న వేళ్లు ఒక్కరోజులో ఢిల్లీ వైపు తిరిగాయి. తెలుగు పాఠకులకు చేరింది ఎక్కువగా ఆ రెండో వార్తే. మొదటిది తెలియకపోతే రెండోదాని బరువు సరిగా అంతుపట్టదు.

క్లుప్తంగా: సింధ్‌లో వాన దాదాపు పడదు, బతుకంతా ఒకే నది మీద. ఆ నది పొలాల కంటే ఎత్తులో పారుతుంది, పక్కలు మారుస్తుంది, పైనున్న వాళ్లు వాడుకోగా మిగిలిందే కిందికి వస్తుంది. అక్కడి రాజధానులు మారడం, బ్యారేజీలు, డెల్టా ఎండిపోవడం, వరదలు, పంజాబ్‌తో తగాదా అన్నీ ఈ స్థితి నుంచే పుట్టాయి. భారత్, పాకిస్తాన్ మధ్య నీటి గొడవ కంటే సింధ్, పంజాబ్ మధ్య గొడవ పాతది.

పేరు దగ్గరే గందరగోళం

మనకు సింధు అంటే నది. అక్కడి వాళ్లకు నది, నేల రెండూ ఆ పేరే. ఈ పదమే పారసీకుల నోట హిందు, గ్రీకుల నోట ఇండోస్ అయి, తిరిగి తిరిగి మన దేశం పేరైంది. జాతీయ గీతంలో వచ్చే సింధు మాత్రం రాష్ట్రం. ఇప్పుడది మన దేశంలో లేదు కదా, తీసేయమని వేసిన పిటిషన్‌ను 2005లో సుప్రీంకోర్టు కొట్టేసింది. పటంలో గీత మారితే పాట మార్చక్కర్లేదన్నది ఆ తీర్పు సారం.

రెండో గందరగోళం హైదరాబాద్. సింధ్‌లోనూ ఒక హైదరాబాద్ ఉంది. కల్హోరా వంశపు గులాం షా 1768లో పాత నీరూన్ కోట దగ్గర కట్టించాడు. మన హైదరాబాద్‌లో కరాచీ బేకరీ ఉంటే, ఆ హైదరాబాద్‌లో బాంబే బేకరీ ఉంది. రెండూ ఎక్కడెక్కడి పేర్లో మోస్తున్నాయి. విభజన తర్వాత సింధ్ వదిలి వచ్చిన కుటుంబం 1953లో మొజంజాహీ మార్కెట్ దగ్గర పెట్టింది కరాచీ బేకరీ.

పరిమాణం చూస్తే సింధ్ 1,40,914 చదరపు కిలోమీటర్లు. ఇప్పటి ఆంధ్రప్రదేశ్ కంటే కొంచెం చిన్నది. 2023 జనాభా లెక్కల ప్రకారం 5.57 కోట్ల మంది ఉన్నారు, అందులో 2 కోట్లకు పైగా ఒక్క కరాచీలోనే.

పొలాల కంటే ఎత్తులో నది

పడమర కీర్తర్ కొండలు, తూర్పున థార్ ఎడారి, మధ్యలో నది మోసుకొచ్చిన ఒండ్రు. ఉత్తరాన కాష్మోర్ దగ్గర నది లోపలికి వచ్చి థట్టా దిగువన అరేబియా సముద్రంలో కలుస్తుంది. వాన ఏడాదికి సగటున 200 మిల్లీమీటర్లు కూడా ఉండదు. కరువు జిల్లా అని మనం చెప్పుకునే అనంతపురంలో కూడా 500 పైన పడుతుంది. ఎండాకాలం జాకోబాబాద్‌లో 50 డిగ్రీలు దాటిన రోజులు ఉన్నాయి. అంటే నది పక్కకు తప్పుకుంటే ఇది అచ్చంగా ఎడారే. అందుకే అక్కడి జనం నదిని ‘దరియా బాద్‌షా’ అంటారు. రాజుగారు దయ తలిస్తే పంట, అలిగితే ఎండ, ఆగ్రహిస్తే వరద.

ఈ నది నడిచే తీరు కొంచెం చిత్రంగా ఉంటుంది. సుక్కుర్ నుంచి సముద్రం దాకా కిలోమీటరుకు జానెడు వాలు కూడా లేదు. వేగం తగ్గిన నీరు బురదను తన అడుగునా ఒడ్డునా దించుకుంటూ పోతుంది. ఏళ్ల తరబడి ఇలా జరిగి నది తన గట్టును తానే పోసుకుని దాని మీద పారుతుంది. ఒడ్డుకు దూరంగా పోయేకొద్దీ నేల పల్లమవుతుంది. ఇది రైతుకు వరమే: ఒడ్డుకు గండి కొట్టి చిన్న కాలువ తీస్తే చాలు, మోటారూ ఏతమూ లేకుండా నీళ్లు పొలానికి దిగుతాయి. ప్రమాదమూ అందులోనే ఉంది. ఒడ్డు తెగి ఒకసారి బయటికి వచ్చిన నీరు తిరిగి నదిలోకి ఎక్కదు.

ఇప్పుడు నదికి రెండు వైపులా కరకట్టలు ఉన్నాయి. కట్టల మధ్య భూమిని ‘కచ్చో’ అంటారు, బయటిది ‘పక్కో’. గోదావరి లంకల్లాగే కచ్చోలో వరద తీశాక మంచి పంట పండుతుంది, అడవీ ఉంటుంది. ఆ అడవిలో దోపిడీ ముఠాలు పాతుకుపోవడం, మనుషుల్ని ఎత్తుకెళ్లి డబ్బు గుంజడం అక్కడి పేపర్లలో రోజూ కనిపించే వార్త.

నది కదిలితే రాజధాని కదిలింది

సింధ్ చరిత్రను రాజుల పేర్లతో చెప్పొచ్చు, నది మలుపులతోనూ చెప్పొచ్చు. రెండోదే ఎక్కువ విషయం చెబుతుంది.

లార్కానా జిల్లాలోని మొహెంజొదారో క్రీ.పూ. 2500 నాటి పట్టణం. 1922లో రాఖాల్‌దాస్ బెనర్జీ తవ్వకాలతో వెలుగు చూసింది. సుమారు 12 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు ఉన్న స్నానవాటిక, మురుగు కాలువలున్న వీధులు అక్కడివే. వరద తీసిన తడి నేలలో గోధుమ, బార్లీ చల్లి, చలికాలమంతా ఆ తడితోనే పంట తీసే పద్ధతి ఈ లోయలో ఎంత పాతదో చెప్పలేం. బ్రిటిష్ కాలం దాకా చాలా చోట్ల అదే నడిచింది.

క్రీ.శ. 712లో అరబ్ సేనాని మహమ్మద్ బిన్ ఖాసిం చేతిలో సింధ్ రాజు దాహిరు ఓడిపోయేనాటికి రాజధాని అరోర్. అప్పట్లో సింధు ఆ ఊరి పక్కనే పారేది. పదో శతాబ్దం ప్రాంతంలో కొన్ని కిలోమీటర్లు పడమటికి జరిగి సుక్కుర్, రోహ్రీ మధ్య ఉన్న సున్నపురాతి గుట్టల సందులోకి దూరింది. అరోర్ ఇప్పుడు ఒక చిన్న ఊరు. అరబ్బులు బ్రాహ్మణాబాద్ దగ్గర కట్టుకున్న మన్సూరాకూ నది దూరమై అదే గతి పట్టింది. సూమ్రా వంశం తర్వాత వచ్చిన సమ్మా వంశపు రాజులు థట్టాను రాజధాని చేసుకున్నారు. మొఘలుల కాలంలో అది పెద్ద రేవు పట్నం. 1647లో పూర్తయిన షాజహాన్ మసీదు 93 గుమ్మటాలతో నేటికీ నిలిచే ఉంది, నది మాత్రం తూర్పుకు తప్పుకుంది. పద్దెనిమిదో శతాబ్దం మధ్యలో నది మళ్లీ కదిలి నసర్‌పూర్‌ను ఎండగట్టింది. కల్హోరాల రాజధాని ఖుదాబాద్ వరదలకు నానింది. వాళ్లు హైదరాబాద్‌ను రాతిగుట్ట మీద కట్టడం ఊరికే జరగలేదు.

ఆ హైదరాబాద్ పాత ఫొటోల్లో ప్రతి మిద్దె మీదా ఒక పలక నిలబడి ఉంటుంది. నైరుతి నుంచి వచ్చే సముద్రపు గాలిని పట్టి కింద గదిలోకి దించే గాలిగూడు అది, స్థానికంగా ‘మంఘు’ అంటారు. ఊరు ఊరంతా ఒకే దిక్కుకు మొహం పెట్టుకుని నిలబడినట్టుంటుంది.

రేవులదీ ఇదే కథ. డెల్టాలో రేవు కడితే ఒండ్రు పూడ్చేస్తుంది. లాహోరీ బందర్, షాబందర్, కేటీ బందర్ ఒకదాని తర్వాత ఒకటి అలాగే పోయాయి. 1819 భూకంపం ఇంకో దెబ్బ కొట్టింది. కచ్ అంచున నేల దిబ్బలా లేచి, తూర్పు పాయకు అడ్డం నిలిచింది. దేవుడే కట్టాడని దానికి ‘అల్లా బంద్’ అని పేరు పెట్టారు. డెల్టాకు పడమటి అంచు బయట, రాతి నేల మీద ఉన్న కరాచీకి ఈ పూడిక బెడద లేదు. చేపలు పట్టుకునే పల్లె మహానగరం కావడానికి మొదటి కారణం ఇదే.

ఇంగ్లిష్ వాళ్లు వచ్చిందీ నది మీదుగానే. 1831లో అలెగ్జాండర్ బర్న్స్ అనే అధికారి లాహోర్ మహారాజు రంజిత్ సింగ్‌కు బహుమతిగా గుర్రాలు తీసుకెళుతున్నానంటూ పడవల్లో ఎగువకు బయలుదేరాడు. గుర్రాలు వంక, నది లోతులు కొలవడం అసలు పని. ఒడ్డున చూసిన ఒక సయ్యద్, ఇంగ్లిష్ వాళ్లు నదిని చూసేశారు, ఇక సింధ్ పోయినట్టే అన్నాడట. ఆ మాట రాసిపెట్టింది బర్న్సే. పన్నెండేళ్లకు, 1843 ఫిబ్రవరి 17న మియానీ దగ్గర ఇంగ్లిష్ సేనాని చార్లెస్ నేపియర్ అప్పుడు సింధ్‌ను ఏలుతున్న తాల్పూర్ మీర్లను ఓడించాడు. తర్వాతి నెల జరిగిన యుద్ధంలో చనిపోయిన ఆఫ్రికా సంతతి సేనాని హోష్ మహమ్మద్ షీదీ పేరు మీద ఒక నినాదం చెబుతారు: ‘చస్తాం గానీ సింధ్ ఇవ్వం’. కాలువల గొడవలోనూ ఆ మాట వినిపించింది.

బొంబాయి నుంచి విడిపోవడం, బ్యారేజీ

1847లో సింధ్‌ను బొంబాయి ప్రెసిడెన్సీలో కలిపారు. మధ్యలో ఎడారి, అటు సముద్రం. పాలనకు ఏ రకంగానూ అతకని కలయిక. విడదీయాలన్న డిమాండ్ జిన్నా 1929 నాటి పద్నాలుగు అంశాల్లో కూడా ఉంది. చివరికి 1936 ఏప్రిల్ 1న సింధ్ వేరు రాష్ట్రమైంది. అదే రోజు ఒడిశా కూడా ఏర్పడింది. గంజాం, పర్లాకిమిడి ప్రాంతాల తెలుగువాళ్లు మద్రాసు నుంచి ఒడిశాలోకి వెళ్లింది ఆ రోజే కాబట్టి ఆ తేదీ మన చరిత్రలోనూ ఉంది.

ఈలోగా లోయ రూపురేఖలు మార్చేసిన పని ఒకటి పూర్తయింది. 1923లో మొదలుపెట్టి 1932లో ముగించిన సుక్కుర్ బ్యారేజీ. 66 గేట్లు, ఏడు కాలువలు. కుడిగట్టున మూడు, ఎడమగట్టున నాలుగు. వాటిలో నారా కాలువ చాలా వరకు నది వదిలేసిన పాత పాయే. మొత్తం ఆయకట్టు 75 లక్షల ఎకరాలకు పైమాటే, నాగార్జునసాగర్ ఆయకట్టుకు మూడు రెట్లు దాటుతుంది. 2024 జూన్‌లో దీని గేటు ఒకటి కొట్టుకుపోయింది. రెండు నెలలు తిరక్కుండా మన తుంగభద్ర డ్యామ్ 19వ గేటూ అలాగే పోయింది కాబట్టి పాత ఇనుము అంటే ఏమిటో ఇక్కడ వివరించక్కర్లేదు.

వరద వచ్చినప్పుడు మాత్రమే తడిసే నేలకు బ్యారేజీ ఏడాది పొడవునా నీళ్లిచ్చింది. పత్తి, వరి, గోధుమ విస్తరించాయి. మూడు చిక్కులూ వచ్చాయి. కొత్త ఆయకట్టులో మంచి భూములు చాలా వరకు పంజాబ్ నుంచి వచ్చిన వాళ్లకు దక్కాయన్న అసంతృప్తి మొదటిది. పెద్ద భూస్వామి ‘వడేరా’కే కాలువ మొదటి తూము అందడం, కౌలు చేసే ‘హారీ’ అప్పుల్లోనే ఉండిపోవడం రెండోది. మూడోది నేలలోపలిది. వాలు లేని నేలలో ఏడాదంతా నీళ్లు పెడితే భూగర్భ జలం పైకి లేస్తుంది, దానితో ఉప్పు లేస్తుంది, పొలం చౌడవుతుంది. నాలుగు వేల ఏళ్లు మట్టి కింద చెక్కుచెదరకుండా ఉన్న మొహెంజొదారో ఇటుకలు, బయటపడ్డాక ఈ ఉప్పుకే పొడిపొడిగా రాలడం మొదలైంది. యునెస్కో 1974 నుంచి 1997 దాకా ప్రత్యేక కార్యక్రమం నడపాల్సి వచ్చింది.

తర్వాత మరో రెండు వచ్చాయి. 1955లో దిగువన కోట్రీ, 1962లో ఎగువన గుడ్డు. కోట్రీ తర్వాత నదికి ఇక ఆపేది ఏమీ లేదు, అసలు దాన్ని దాటి వచ్చే నీళ్లే తక్కువ.

టీఎంసీల్లో చూస్తే

సింధ్, పంజాబ్ తగాదా దేశ విభజన కంటే ముందుది. సట్లెజ్ మీద భాక్రా డ్యామ్ కడితే మా కాలువలు ఎండిపోతాయని సింధ్ ఫిర్యాదు చేసింది. దానిపై 1941లో బి.ఎన్. రావు అధ్యక్షతన కమిషన్ వేశారు. తర్వాత రాజ్యాంగ సభకు సలహాదారుగా పనిచేసిన రావు ఆయనే. దాని మీద 1945లో ఒక ముసాయిదా ఒప్పందం తయారైంది గానీ ఖరారు కాలేదు. విభజన అయ్యాక పంజాబే రెండు ముక్కలైంది. 1948 ఏప్రిల్ 1న తూర్పు పంజాబ్ కాలువలు కట్టేయడంతో రాష్ట్రాల గొడవ కాస్తా దేశాల గొడవ అయింది.

1960 సెప్టెంబర్ 19న కరాచీలో నెహ్రూ, అయూబ్ ఖాన్ సంతకాలు చేసిన ఒప్పందం దీన్ని తేల్చింది. రావి, బియాస్, సట్లెజ్ భారత్‌కు. సింధు, జీలం, చీనాబ్ ప్రధానంగా పాకిస్తాన్‌కు. తూర్పు నదులు పోయిన పంజాబ్ పొలాలకు నీళ్లివ్వడానికి పడమటి నదుల నుంచి లింకు కాలువలు తవ్వారు. మంగ్లా, తర్బేలా డ్యాములు కట్టారు. సింధ్ దృష్టిలో అసలు నష్టం ఇక్కడ జరిగింది. భారత్‌కు వదులుకున్నది పంజాబ్ నదులు, ఆ లోటు పూడ్చింది మాత్రం తమ నది. సింధు నీటిని పంజాబ్‌కు మళ్లించే చష్మా-జీలం, తౌన్సా-పంజ్‌నద్ లింకు కాలువల గేట్లు ఎప్పుడు ఎత్తినా సింధ్‌లో గొడవ మొదలయ్యేది అందుకే.

1991 మార్చిలో నాలుగు రాష్ట్రాలు వాటాలు రాసుకున్నాయి. అక్కడి లెక్క మిలియన్ ఎకరా అడుగుల్లో ఉంటుంది. ఒకటి అంటే 43.56 టీఎంసీలు. పంజాబ్‌కు 55.94, అంటే దాదాపు 2,437 టీఎంసీలు. సింధ్‌కు 48.76, అంటే దాదాపు 2,124 టీఎంసీలు. బచావత్ ట్రిబ్యునల్ కృష్ణాలో మూడు రాష్ట్రాలకూ కలిపి పంచింది 2,130. అంటే సింధ్ ఒక్కదాని వాటా మొత్తం కృష్ణా పంపకాలతో సమానం. ఇంత నీరున్న రాష్ట్రం నీళ్లు లేవని ఎందుకు ఏడుస్తుందని అనిపించడం సహజం. వాన లేని చోట ప్రతి చుక్కా కాలువదే కాబట్టి ఆ అంకె కనిపించినంత పెద్దది కాదు. పైగా అది కాగితం మీద వాటా. నీరు తక్కువైన ఏడాది ఎలా పంచుకోవాలన్న దగ్గర ఆ ఒప్పందాన్ని ఒక్కొక్కరు ఒక్కోలా చదువుతారు. ఒప్పంద వాటాల నిష్పత్తిలోనే కోత పడాలని సింధ్, పాత వాడకాన్ని కూడా చూడాలని పంజాబ్. లోటు ఏడాదుల్లో కృష్ణా బోర్డు సమావేశాలు చూసినవాళ్లకు ఈ వాదన కొత్తగా అనిపించదు.

2025 నాటి గొడవకు కేంద్రం చోలిస్తాన్ కాలువ. పంజాబ్ దక్షిణాన ఎడారిలో కొత్త సాగు కోసం ఫిబ్రవరిలో శంకుస్థాపన చేశారు. సామర్థ్యం 4,120 క్యూసెక్కులు. పోతిరెడ్డిపాడు 44 వేల క్యూసెక్కుల పక్కన పెడితే పిల్ల కాలువే. సింధ్ అడిగింది మాత్రం తీసేసే ప్రశ్న కాదు. ఈ కాలువ తల సట్లెజ్ మీద సులేమాంకీ దగ్గర ఉంది. సట్లెజ్ భారత్ వాటా నది, అందులో పాకిస్తాన్‌కు వచ్చేది ప్రధానంగా వరదల్లో మిగిలిన నీరే. మరి మిగతా నెలల్లో ఎక్కడి నీళ్లు పారిస్తారు? చీనాబ్ నుంచి తెచ్చి, ఆ లోటును లింకు కాలువల ద్వారా సింధు నుంచి పూడుస్తారన్నది సింధ్ అనుమానం. మార్చిలో అక్కడి అసెంబ్లీ వ్యతిరేక తీర్మానం చేసింది. ఏప్రిల్ 28న ఉమ్మడి ప్రయోజనాల మండలి, అంటే ప్రధాని, ముఖ్యమంత్రులు కూర్చునే వేదిక, రాష్ట్రాల మధ్య అవగాహన కుదరకుండా కొత్త కాలువలు కట్టేది లేదని తేల్చింది. భారత్ ప్రకటన వచ్చి అప్పటికి అయిదు రోజులు. బయట నీటి టెన్షన్ ఉన్నప్పుడు ఇంట్లో నీటి తగువు నెత్తిన పెట్టుకోలేమన్న లెక్క అందులో లేదనుకోలేం.

పల్లా, పులస

కోట్రీ కింద ఏం జరిగిందో అర్థం కావడానికి ఒక చేప చాలు. గోదావరి జిల్లాల వాళ్లు పుస్తెలమ్మైనా తినాలనుకునే పులస, సింధ్ వాళ్ల పల్లా ఒకటే జాతి. సముద్రంలో ఉండి, ఎర్రనీరు రాగానే గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎదురీదుతుంది. నది దేవుడు ఝూలేలాల్‌ను సింధీలు ఈ చేప మీద కూర్చున్నట్టే బొమ్మ గీస్తారు. ఉడేరోలాల్ అనే ఊళ్లో ఒకే ప్రాంగణంలో ఆయనకు గుడి, పక్కనే దర్గా ఉన్నాయి. హిందువులకు ఆయన ఝూలేలాల్, ముస్లింలకు షేక్ తాహిర్.

పాత రోజుల్లో పల్లా పట్టే జాలరి ఒక పెద్ద మట్టికుండ మీద బోర్లా పడుకుని నదిలో తేలుతూ పోయేవాడు. చేతిలో వల. చేప పడగానే పొడిచి కుండ మూతిలోంచి లోపల పడేసేవాడు. పడవా అదే, బుట్టా అదే. అప్పట్లో ఈ చేప ముల్తాన్ దాకా వెళ్లేదని చెబుతారు. 1932 తర్వాత సుక్కుర్ దగ్గర ఆగిపోయింది, 1955 తర్వాత కోట్రీ దగ్గర. మన పులసకు ధవళేశ్వరం ఎలాగో అలాగే. తేడా ఏమిటంటే గోదావరికి ప్రతి వానాకాలం ధవళేశ్వరం కింద వేల టీఎంసీలు పోతాయి. కోట్రీ కింద ఏడాదిలో చాలా నెలలు ఇసుక తిన్నెలే కనిపిస్తాయి.

డెల్టాకు పూర్వం పదిహేడు పాయలు ఉండేవి. ఇప్పుడు నది నీరు గట్టిగా చేరేది ఖోబర్ పాయ ఒక్కదానికే. ఒండ్రు ఎగువ డ్యాముల్లో ఆగిపోతుంది, మంచినీరు రాదు, సముద్రం లోపలికి వస్తుంది. ఎర్ర బియ్యం పండిన కేటీ బందర్, ఖారో ఛాన్ చుట్టుపక్కల పొలాలు ఉప్పునేలలయ్యాయి. కోట్రీ కింద ఏడాది పొడవునా కనీసం 5,000 క్యూసెక్కులు, దానికి అదనంగా అయిదేళ్లకు 25 మిలియన్ ఎకరా అడుగులు వదలాలని 2005లో అంతర్జాతీయ నిపుణుల బృందం సూచించింది. సముద్రంలోకి పోయే నీరు వృథా అనే మాట పంజాబ్‌లో గట్టిగా వినిపిస్తుంది. డెల్టా జాలరికి అదే నీరు జీతం లాంటిది.

ఇక్కడ సింధ్ వైపు కూడా ఒక మాట చెప్పాలి. పంజాబ్‌ను సింధ్ ఏమంటుందో, కాలువ తలలో ఉన్న సింధ్ భూస్వాములను బదీన్ శివారు రైతు అదే అంటాడు. కోట్రీ నుంచి ఫులేలీ కాలువ బదీన్ చేరేసరికి అడుగున మురికి నీరే మిగులుతుంది. ఎగువ, దిగువ అనే గీత రాష్ట్ర సరిహద్దు దగ్గర ఆగిపోలేదు.

మనుషులు మారిన పట్టణాలు

1943 మార్చిలో పాకిస్తాన్ కావాలంటూ సింధ్ అసెంబ్లీ తీర్మానం చేసింది. ప్రవేశపెట్టిన జి.ఎం. సయ్యదే తర్వాతి కాలంలో సింధ్ వేరు దేశం కావాలని ఉద్యమం నడిపాడు. మధ్యలో జరిగింది తెలిస్తే అది అంత వింతగా అనిపించదు.

విభజనకు ముందు జనాభాలో నాలుగో వంతుకు పైగా హిందువులు. వ్యాపారం, చదువు, పట్టణాలు చాలావరకు వాళ్లవి. శికార్‌పూర్ షావుకార్ల హుండీలు బుఖారా దాకా చెల్లేవి. పంజాబ్‌లోలా ఇక్కడ రాష్ట్రాన్ని చీల్చలేదు, మొత్తం పాకిస్తాన్‌కు వెళ్లింది. 1948 జనవరిలో కరాచీ అల్లర్ల తర్వాత వలస ఊపందుకుంది. వచ్చినవాళ్లకు భారత్‌లో సొంత రాష్ట్రమంటూ లేదు. ఉల్లాస్‌నగర్, గాంధీధామ్, అజ్మీర్, మన హైదరాబాద్, సికింద్రాబాద్‌లకు చెదిరిపోయారు. సింధీ భాషను 1967లో ఎనిమిదో షెడ్యూల్‌లో చేర్చారు. నేల లేని భాషకు అది ఒక చిరునామా.

ఖాళీ అయిన ఆ పట్టణాల్లోకి ఉత్తరప్రదేశ్, బిహార్, హైదరాబాద్ దక్కన్ నుంచి ఉర్దూ మాట్లాడే ముహాజిర్లు వచ్చారు. 1941లో నాలుగు లక్షలు దాటిన కరాచీ పదేళ్లలో పదకొండు లక్షలకు దగ్గరైంది. 1948లో ఆ నగరాన్ని సింధ్ నుంచి విడదీసి కేంద్ర రాజధాని చేశారు. 1955లో పశ్చిమ పాకిస్తాన్ రాష్ట్రాలన్నిటినీ ‘వన్ యూనిట్’ పేరుతో ఒకటిగా కలిపేశారు. 1970 జులై దాకా సింధ్ అనే రాష్ట్రమే కాగితాల మీద లేదు. కొత్త బ్యారేజీల భూముల పంపకం, నీటి నిర్ణయాలు లాహోర్ నుంచి జరిగిన కాలం అది. 1972లో సింధీని అధికార భాషగా గుర్తించే బిల్లు వస్తే కరాచీలో అల్లర్లు చెలరేగాయి. ఏడాది తిరిగేసరికి ఉద్యోగాల్లో గ్రామీణానికి 60, పట్టణానికి 40 శాతం కోటా వచ్చింది. 2023 లెక్కల్లో సింధ్‌లో సింధీ మాతృభాషగా ఉన్నవాళ్లు సుమారు 60 శాతం, ఉర్దూ 22 శాతం. కరాచీలో సగం మందిది ఉర్దూ. పోలింగ్ రోజున ఈ రెండు అంకెలూ రెండు వేర్వేరు రాష్ట్రాల్లా ఓటేస్తాయి.

రెండు వరదలు, రెండు దారులు

నీళ్లు చాలవనే రాష్ట్రం మునిగిపోవడమేమిటన్నది మరో సందేహం. 2010లో నీరు పైనుంచి వచ్చింది. ఎగువన కురిసిన వాన నదిలో దిగి, ఆగస్టులో కాష్మోర్ దగ్గర తోరీ కరకట్టకు గండి పడింది. బయటపడ్డ నీరు నదిలోకి తిరిగి పోలేక కుడిగట్టు పల్లాల వెంబడి వారాల తరబడి దక్షిణానికి నడిచింది.

2022లో నది పెద్దగా తప్పు చేయలేదు. ఆ ఆగస్టులో సింధ్ మీదే మామూలు కంటే ఎనిమిది రెట్ల వాన పడింది. కట్టలు, కాలువ గట్లు, రోడ్లు అడ్డం ఉన్న బల్లపరుపు నేలలో ఆ నీరు పోవడానికి దారి లేదు. చెరువులా నిండిన మంచర్ సరస్సు కట్ట తెగి పట్టణాలు మునుగుతాయని సెప్టెంబర్‌లో అధికారులే గండ్లు కొట్టారు. కొట్టిన వైపు పల్లెలు మునిగాయి. దేశం మొత్తం నష్టంలో దాదాపు 70 శాతం సింధ్‌దే. కొన్ని చోట్ల రబీ గోధుమ వేసే వేళకు కూడా పొలాల్లో నీళ్లున్నాయి. కాలువలు తవ్వడానికి పెట్టిన శ్రద్ధ మురుగు కాలువల మీద పెట్టకపోవడం అప్పుడు బయటపడింది. ఎడమగట్టున ఉప్పునీటిని సముద్రంలోకి పంపడానికి తవ్విన పెద్ద మురుగు కాలువ 1990ల చివర సముద్రం దగ్గర దెబ్బతిని, పోటు వేళ సముద్రపు నీరు వెనక్కి ఎగదన్నే దారిగా మారిన అనుభవం అంతకుముందే ఉంది.

ఒప్పందం ఆగితే సింధ్‌కు ఏమవుతుంది

భారత్ కుళాయి తిప్పితే సింధ్ ఎండిపోతుందన్న ప్రచారం రెండు వైపులా నడిచింది. నేల మీద లెక్క అంత సూటిగా లేదు. చీనాబ్ మీద ఉన్న సలాల్, బగ్లిహార్ ప్రాజెక్టులు కరెంటు కోసం కట్టినవి, నీటిని నెలల తరబడి దాచే చోటు వాటిలో లేదు. లడఖ్ గుండా వెళ్లే సింధు ప్రధాన పాయను ఆపే పెద్ద డ్యామ్ ఏదీ లేదు. పెద్ద నిల్వలు కట్టాలంటే ఏళ్లు పడుతుంది. దగ్గర్లో వచ్చే ఇబ్బంది వేళ తప్పడం: విత్తనాల సమయంలో కొన్ని రోజులు ఆపి ఒక్కసారి వదలడం, వరద సమాచారం అందకపోవడం.

ఆ దెబ్బ మొదట తగిలేది పంజాబ్‌కు. చీనాబ్, జీలం నీళ్లు వాడేది పంజాబే. అక్కడ తగ్గితే లింకు కాలువల ద్వారా సింధు నుంచి ఎక్కువ లాగడం మామూలుగా జరిగే పని. జమ్మూలో తగ్గిన నీరు ఇలా ఒక మలుపు తిరిగి సింధ్‌లో లోటుగా తేలుతుంది. లాయర్ల ధర్నాకూ ఒప్పందం వార్తకూ అసలు ముడి ఇదే.

ఏప్రిల్, మే నెలల్లో ఇది ఎక్కువగా కొరుకుతుంది. తర్బేలాలో నిల్వ అడుగంటి ఉంటుంది, కొండల్లో మంచు ఇంకా పూర్తిగా కరగదు, కింద పత్తి విత్తాలి. నదుల పంపకం చూసే సంస్థ ప్రతి సీజన్ మొదట్లో లోటు శాతం ప్రకటిస్తుంది. తౌన్సా నుంచి గుడ్డు మధ్య నది ఎంత తాగేసిందన్న దగ్గర మళ్లీ పేచీ. దారిలో ఇంకిపోయిందని పంజాబ్, దారిలో తీసేసుకున్నారని సింధ్. రెండు రాష్ట్రాల ఇంజనీర్లు కలిసి గేజీ చదివినా అంకె మీద సంతకం పడటానికి రోజులు పడుతుంది. గుడ్డు దగ్గర ఆ సంతకం అయ్యాక నీరు సుక్కుర్ దాటాలి, కోట్రీ చేరాలి, ఫులేలీలోకి మళ్లాలి. బదీన్‌లో నారుమడి దున్నుకుని కూర్చున్న రైతు అప్పటికి వారాల నుంచి కాలువ గట్టు మీదే ఉంటాడు.